స్లాబుకు తడి గోనె, మనిషికి మండుటెండ

కొన్నేళ్ల కిందట, ఒక మే నెలలో, మా సంఘం సహవాస శాలకు స్లాబు వేశాం. గిద్దలూరు వైపు ఒక పల్లె అది. తెల్లవారుజామున ఆరింటికి రావలసిన మిల్లరు ఎనిమిదిన్నరకు వచ్చింది. ప్రార్థన చేసుకొని పని మొదలుపెట్టేసరికి తొమ్మిదయింది. స్లాబు పని మధ్యలో ఆపేది కాదు కదా. మేస్త్రి గుత్తకు ఒప్పుకున్నాడు గనుక అతనికీ తొందరే. మేము నీడలో కుర్చీలు వేసుకొని కూర్చొని బస్తాలు లెక్కపెడుతున్నాం.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, తట్టలు మోస్తున్న ఒకామె మెట్ల మొదట్లో కూలబడింది. పేరు అడిగితే వేరే ఏదో చెప్పింది. ఒంటి మీద చెమట ఇంకా కారుతూనే ఉంది గనుక వడదెబ్బ కాదులే అనుకున్నాం. అది ఎంత ప్రమాదకరమైన పొరపాటో తరువాత ఒక వైద్యుడు చెప్పేదాకా మాకు తెలియదు. దేవుని దయవల్ల ఆమె సాయంత్రానికి కోలుకుంది. పొద్దుటినుంచి నీళ్లు ఎందుకు తాగలేదమ్మా అని మా పాస్టరమ్మగారు అడిగితే, "తాగితే మళ్లీ ఎక్కడికి పోవాల అమ్మగారూ?" అందట. మందిరం చుట్టూ మగవాళ్లే. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఆ సంగతి మాకు తట్టనే లేదు.

మరునాటి నుంచి ఆ స్లాబును మేము ఎంత జాగ్రత్తగా చూసుకున్నామో! మడులు కట్టి నీళ్లు నిలిపాం. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి రోజుకు మూడుసార్లు తడిపాం. ఖర్చుల పుస్తకంలో సిమెంటు, ఇనుము, కంకర, ఇసుక, మాలు కలపడానికి తెప్పించిన నీళ్ల ట్యాంకరు, అన్నీ ఉన్నాయి. మనుషులు తాగే నీళ్లకు ఒక్క పంక్తి లేదు. ఆ పుస్తకం ఇప్పటికీ మా దగ్గర ఉంది. ఈ సంపాదకీయం రాయడానికి కారణం అదే.

పశ్చిమ ప్రకాశంలో ఇప్పుడు కట్టుబడి పనులు పెరిగే కాలం. 2025 సంవత్సరాంతంలో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రమంటే కార్యాలయాలు, క్వార్టర్లు, రోడ్లు, వాటి వెనుకే అద్దె ఇళ్లు, దుకాణాలు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు పనులు మన కళ్లముందే ఒక తరంపాటు సాగాయి. పల్లెల్లో ప్రభుత్వ కాలనీ ఇళ్లు, మన సంఘాల మందిరాలు సరేసరి. మన ప్రాంతంలో మందిరం పని చాలాచోట్ల వేసవిలోనే మొదలవుతుంది. పొలం పనులు ఉండవు, వానల భయం ఉండదు, క్రిస్మస్‌లోగా ప్రతిష్ఠ చేసుకోవచ్చు. కట్టించేవారికి అనుకూలమైన ఈ కాలమే కట్టేవారి శరీరానికి అత్యంత కఠినమైన కాలం. ఎంత కఠినమో లెక్క వేసి చూద్దాం.

శరీరం చేసే లెక్క

యాభై కిలోల బరువున్న ఒక స్త్రీ, పదిహేను కిలోల తట్ట నెత్తిన పెట్టుకొని, మూడు మీటర్ల ఎత్తు ఎక్కిందనుకుందాం. భౌతికశాస్త్రం ప్రకారం ఆ ఎక్కుడులో జరిగిన పని అర కిలో కేలరీ కన్నా తక్కువ. అందులోనూ ఎక్కువ భాగం తట్టను ఎత్తడానికి కాదు, తన శరీరాన్ని తాను ఎత్తుకోవడానికే పోయింది. మనిషి కండరం తాను ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు మాత్రమే పనిగా మార్చగలదు. అంటే ఆ ఒక్క ఎక్కుడుకు ఆమె శరీరం రెండు కిలో కేలరీలకు పైగా ఖర్చుచేసింది. మిగిలినదంతా వేడిగా మారి ఆమె ఒంట్లోనే ఉండిపోయింది.

గంటలో వంద తట్టలు మోస్తే? సుమారు 230 కిలో కేలరీల ఖర్చు, అందులో 180 వరకు వేడి. యాభై కిలోల శరీరాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు నలభై కిలో కేలరీలు చాలు. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గంటలో ఒంటి వేడి నాలుగు డిగ్రీలకు పైగా పెరుగుతుంది. మామూలు 37 నుంచి 41కి చేరుతుంది. మనిషి ప్రాణం ఆ హద్దు దాకా నిలవడం కష్టం.

చల్లని రోజున శరీరం ఈ వేడిని చుట్టూ ఉన్న గాలికి ఇచ్చేస్తుంది. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉంటేనే ఆ దారి తెరిచి ఉంటుంది. మే నెలలో మార్కాపురం గాలి 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు దారి తిరగబడుతుంది. గాలే శరీరానికి వేడి ఇస్తుంది. పైన సూర్యుడు, కింద కాగిన ఇసుక, పక్కన కాగిన గోడ, చేతిలో కాగిన ఇనుము, ఇవన్నీ కలిసి గంటకు ఇంకో వంద కిలో కేలరీల పైచిలుకు వేడిని ఒంట్లోకి ఎక్కిస్తాయి. పలకల గనుల గుంతల్లో దిగి పనిచేసేవారికి ఈ సంగతి మేము చెప్పనక్కర లేదు. నాలుగు వైపులా రాయి పొయ్యిలా కాగుతుంది.

ఇక మిగిలేది ఒకటే దారి, చెమట. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. సృష్టికర్త మనిషికిచ్చిన ఈ ఏర్పాటు అద్భుతమైనదే. అయితే ఆవిరైన చెమటే చల్లబరుస్తుంది, నేల మీదికి కారిపోయినది చల్లబరచదు. కాబట్టి ఎండలో బరువు పనిచేసే మనిషికి గంటకు ముప్పావు నుంచి ఒక లీటరు వరకు చెమట పోతుంది. దానితోపాటు లీటరుకు ఒకటి నుంచి మూడు గ్రాముల వరకు ఉప్పు.

ఇక్కడ మన ప్రాంతపు ప్రత్యేకత ఒకటి గమనించాలి. చీరాల, ఒంగోలు వైపు సముద్రపు తేమ గాలిలో చెమట ఆరదు. చొక్కా తడిసి ముద్దవుతుంది గనుక మనిషికి తన అవస్థ తెలుస్తుంది. నల్లమల ఈవలి పొడిగాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు తప్ప వేరే గుర్తు ఉండదు. నాకు పెద్దగా చెమట పట్టలేదు, దాహం లేదు అని పనివాడు నిజంగానే అనుకుంటాడు. అరవై కిలోల మనిషి ఒంట్లోంచి ఒక లీటరు పైచిలుకు నీరు తగ్గేసరికే పని చేసే శక్తి సన్నగిల్లుతుంది. దాహం వేసే వేళకే ఆలస్యమై ఉంటుంది.

ఈ మధ్యలో నలిగిపోయేది గుండె. కండరానికి రక్తం కావాలి, వేడిని బయటికి చేర్చడానికి చర్మానికీ రక్తం కావాలి. నీరు తగ్గినకొద్దీ ఆ రక్తం పరిమాణం తగ్గుతుంది. ఉన్న కొద్దిదానితో రెండు పక్కలకూ సరిపెట్టాలని గుండె వేగం పెంచుతుంది. ఎండలో పనిచేస్తే కేలరీలు చాలా ఎక్కువ ఖర్చవుతాయని కొందరు అంటారు. నిజానికి అదే పనికి ఎండలో అయ్యే కేలరీల ఖర్చు కొంచెమే ఎక్కువ. పెరిగేది గుండె మీద భారం, నీటి మీద భారం. సాయంత్రం ఇంటికి వెళ్లి పడుకున్న మనిషి రాత్రి గుండెపోటుతో పోయాడని వింటాం. ఆ గుండె పగలంతా ఏ పని చేసిందో ఎవరూ అడగరు.

2015 వేసవిలో మన రాష్ట్రంలో 1,369 మంది వడగాలులకు మరణించారని అధికారిక లెక్క. ఎక్కువగా నష్టపోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. పోయినవారిలో ఎండలో పని తప్పించుకోలేని బీదలు, వృద్ధులే ఎక్కువ.

తిండి లెక్క, పాత లెక్క

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం బరువు పని చేసే 65 కిలోల పురుషునికి రోజుకు 3,470 కిలో కేలరీలు కావాలి. 55 కిలోల స్త్రీకి 2,720 కావాలి. కూర్చొని పనిచేసే మాలాంటివారికి 2,110 చాలు. రేషన్ దుకాణంలో మనిషికి నెలకు ఇచ్చే ఐదు కిలోల బియ్యం రోజుకు చూస్తే 167 గ్రాములు, అంటే దాదాపు 580 కిలో కేలరీలు. మిగిలినది కూలి డబ్బుతో కొనుక్కోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. వేడి ఆకలిని చంపుతుంది. ఎక్కువ తినవలసిన రోజునే మనిషికి అన్నం సయించదు. పొద్దున ఒక టీ తాగి వచ్చి, మధ్యాహ్నం డబ్బాలో అన్నం సగం కుక్కలకు వేసి, రెండింటికి మళ్లీ పార పట్టుకుంటాడు. కొద్ది వారాలలో ఒళ్లు తగ్గుతుంది. ఎండకు నల్లబడ్డాడు అంటాం గాని, లోపల కండ కరిగిందని చూడం.

పనిచేసే శరీరానికి ఎంత తిండి కావాలన్న ప్రశ్న మన జిల్లాకు కొత్త కాదు. 1876-78 కరవులో ఇదే ప్రశ్న మీద మద్రాసు రాజధానిలో పెద్ద వాదం నడిచింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనుల్లో పురుషుని కూలిని రోజుకు ఒక పౌను గింజలు, దానితోపాటు ఒక అణాకు తగ్గించాడు. ఒక పౌను బియ్యమంటే 454 గ్రాములు, నేటి లెక్కలో సుమారు 1,600 కిలో కేలరీలు. పని చేసే మనిషి దీనితో నిలవలేడని మద్రాసు ప్రభుత్వపు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. కొన్ని నెలలకు ఆ కూలిని పెంచక తప్పలేదు. అప్పటికి చాలామందికి ఆలస్యమైంది. మార్కాపురం, కంభం తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఆ జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది.

అదే కరవులో ఒంగోలులో ఉన్న క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి పని చూపించాడు. సంఘ బోధకులే అక్కడ పని పర్యవేక్షకులు. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున జరిగిన సామూహిక బాప్తిస్మాలను మనం ఏటా తలచుకుంటాం. అంతకుముందు ఏడాది కాలువగట్టున మట్టి మోసిన నెత్తులను తలచుకోవడం తక్కువ. మనలో చాలామందికి వారే ముత్తాతలు, ముత్తవ్వలు. వారి మనుమలు ఈనాడు కొందరు మేస్త్రీలయ్యారు, కొందరు ఇంజనీర్లయ్యారు, కొందరు ఇళ్లు కట్టించే యజమానులయ్యారు. ఇంకా చాలామంది నెత్తిన తట్టతోనే ఉన్నారు. ఆదివారం ఒకే బల్లలో పాలుపొందేవారు సోమవారం ఒకరు నీడలో, ఒకరు ఎండలో ఉంటున్నారు.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది?

ఎండకు పని తగ్గుతుందని ప్రభుత్వానికి తెలియదా అంటే, తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు వేసవి భత్యం ఇచ్చేవారు. ఆ పనిలో కూలి కొలత మీద ఆధారపడుతుంది. అదే కొలతకు ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30, జూన్‌లో 20 శాతం కలిపి లెక్కగట్టేవారు. నేల గట్టిపడుతుంది, మనిషి త్వరగా అలసిపోతాడు, కాబట్టి తక్కువ తవ్వినా కూలి తగ్గకూడదన్నది అందులోని న్యాయం. మంచి న్యాయమే. అయితే గుత్తకు ఇల్లు కట్టే మేస్త్రికి, అతని కింద కూలీలకు ఈ న్యాయం ఏనాడూ వర్తించలేదు. స్లాబు చదరపు అడుగుకు డిసెంబరులో ఎంతో మేలోనూ అంతే.

నిర్మాణ కార్మికులకు 1996లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. పనిచోట తాగునీరు, మరుగుదొడ్లు ఉండాలని అందులో ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఆ చట్టం కలిసిపోయింది. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోటు ఆ నిర్మాణ కార్మికుల పరిధిలోకి రాదు. సొంత నివాసం కోసం కట్టుకొనే ఇంటికి పాత చట్టంలో పది లక్షల రూపాయల ఖర్చు దాకా మినహాయింపు ఉండేది. కొత్త కోడ్‌లలో అది యాభై లక్షలయింది. మార్కాపురంలో, గిద్దలూరులో, కంభంలో, యర్రగొండపాలెంలో కట్టే ఇళ్లలో యాభై లక్షలు దాటేవి ఎన్ని? నలుగురు కూలీలు, ఒక మేస్త్రితో నడిచే మన పల్లె పనులు చట్టం గీసిన గీతకు ఈవలే ఉండిపోతాయి. గీతకు ఆవల ఉన్న పనులనైనా తనిఖీ చేసేవారు ఎంతమంది వస్తున్నారు?

ఇంకో వింత చూడండి. 40 డిగ్రీలు దాటిన ఎండలో కాంక్రీటు వేయడానికి భారతీయ ప్రమాణాల సంస్థ ప్రత్యేకంగా ఒక ప్రమాణం రాసింది, ఐఎస్ 7861. నీళ్లు చల్లగా ఉండాలి, కంకరను నీడలో ఉంచాలి, వీలైతే చల్లని వేళలో పోయాలి, వెంటనే కప్పి తడపాలి. ఎండకు కాంక్రీటులోని నీరు ముందే ఆవిరైతే అది పగుళ్లిస్తుంది, బలం తగ్గుతుంది. మంచిదే. మేము అడిగేది అంతకన్నా ఎక్కువేమీ కాదు. కాంక్రీటుకు రాసిన ఆ నాలుగు జాగ్రత్తలే, చల్లని నీరు, నీడ, చల్లని వేళ, తడి, దాన్ని మోసే మనిషికీ కావాలి.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారు? కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని నిషేధం. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా నిషేధం. అంతేకాదు, ఎండ, తేమ, గాలి మూడూ కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ అనే కొలత 32.1 దాటితే ఏ గంటలోనైనా పని ఆపాలి. గల్ఫ్‌లో కార్మికుల కష్టాలు ఎన్నో ఉన్నాయి, వాటిని మేము తక్కువ చేయడం లేదు. అయినా మన తెలుగు బిడ్డ అక్కడ మధ్యాహ్నం నీడలో కూర్చోవడానికి చట్టం ఉంది, వాడి తండ్రికి ఇక్కడ లేదు. మధ్య అమెరికాలోని నికరాగువాలో చెరకు నరికే కూలీలకు మూత్రపిండాలు దెబ్బతింటుంటే, అక్కడ నీరు, నీడ, విరామం అనే మూడింటిని క్రమంగా అమలుచేశారు. మూత్రపిండాలకు దెబ్బ తగ్గింది. విరామమిస్తే పని పడిపోతుందన్న భయం నిజం కాలేదు.

నీటి విషయంలో ఒక హెచ్చరిక

ఎక్కువ నీళ్లు తాగించండి అని చెప్పి ఊరుకుంటే మన ప్రాంతంలో అది సగం మాటే అవుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు మామూలు మనిషి రోజుకు రెండు మూడు లీటర్లు తాగుతాడన్న లెక్క మీద పెట్టింది. ఎండలో పనిచేసేవారు ఎనిమిది లీటర్లు తాగితే? హద్దులో ఉన్న నీటితోనే పన్నెండు మిల్లీగ్రాములు ఒంట్లోకి చేరుతుంది. హద్దు దాటిన బోరు నీరైతే చెప్పనక్కర లేదు. కాబట్టి కాంక్రీటు కలిపే బోరు గొట్టాన్నే పనివారికి చూపించడం న్యాయం కాదు. మనం ఇంట్లో ఏ నీళ్లు తాగుతామో ఆ నీళ్లే వారికీ తెప్పించాలి.

మన చేతిలో ఉన్నవి

జీవో వచ్చేదాకా ఆగనక్కర లేని పనులు కొన్ని ఉన్నాయి. ఇల్లు కట్టించే ప్రతి విశ్వాసీ, మందిరం కట్టించే ప్రతి సంఘ కమిటీ వీటిని మేస్త్రితో ఒప్పందంలోనే రాసుకోవాలని మా మనవి.

మొదటిది, వేళలు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా తెల్లవారి ఐదున్నరకు పని మొదలుపెట్టి పదిన్నరకు ఆపాలి. మళ్లీ నాలుగున్నరకు మొదలుపెట్టి వెలుగున్నంతసేపు చేయాలి. స్లాబు అయితే సాయంత్రం మొదలుపెట్టి లైట్ల వెలుగులో పూర్తి చేయాలి. లైట్ల అద్దె మనం భరించాలి. కాంక్రీటుకూ అదే మేలని చెప్పుకున్నాం కదా. ఎండకు గంటలు తగ్గినా కూలి తగ్గకూడదు. కూలి తగ్గిస్తే విరామం శిక్ష అవుతుంది, పనివాడే వద్దంటాడు. గుత్త పనికైతే, ఉపాధి పనుల్లో ఇచ్చిన ఆ 30 శాతాన్ని కొలబద్దగా తీసుకోండి. అంత ఇవ్వలేని సంఘం పనిని దసరా తరువాతకు వాయిదా వేసుకోవడం మంచిది. ప్రతిష్ఠ ఒక క్రిస్మస్ ఆలస్యమైతే దేవుడు అలగడు.

రెండోది, నీరు, ఉప్పు, తిండి. మనిషికి గంటకు దాదాపు లీటరు, ఒకేసారి కాకుండా పావుగంటకో గ్లాసు. దాహం వేసినా వేయకపోయినా తాగమని పిలిచే మనిషి ఒకరు ఉండాలి. మన యువజన సంఘాలకు ఇంతకంటే మంచి పరిచర్య ఏముంది? ఉత్త నీళ్లే కాక ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, రాగి జావ, చద్దన్నం ఇవ్వాలి. అన్నం సయించని ఎండలో జావ గొంతు దిగుతుంది, బలమూ ఇస్తుంది.

మూడోది, నీడ. నాలుగు గుంజలు పాతి తాటాకులో గ్రీన్ నెట్టో వేస్తే చాలు. ఎండలో నిలబడి తీసుకునే విరామం విరామం కాదు.

నాలుగోది, మరుగుదొడ్డి. మా సహవాస శాల పుస్తకంలో లేని రెండో పంక్తి ఇది. పక్కింటివారిని అడిగి గాని, మూడు పరదాలు కట్టి గాని ఆడవారికి చోటు చూపించనంత కాలం మనం పెట్టే నీళ్ల కుండ వారికి పనికిరాదు. పనిలో పనిగా, ఒకే పనికి ఆడవారికి తక్కువ కూలి ఇవ్వరాదని 1976 నుంచీ చట్టం చెబుతూనే ఉందని గుర్తుచేస్తున్నాం. తట్ట బరువు మోసేవారిని బట్టి మారదు.

ఐదోది, కొత్తవారు. ఎండకు శరీరం అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. సెలవుల్లో పదో తరగతి అయిపోయిన పిల్లలనూ, జబ్బుచేసి లేచినవారినీ మొదటిరోజే పూర్తి పనిలో దించడం ప్రాణాపాయం. పద్దెనిమిది నిండని పిల్లలను అసలు పిలవనే కూడదు. కొత్తగా చేరిన పెద్దలకు మొదటిరోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజురోజుకూ పెంచాలి.

చివరిది, ఆపద వేళ. పనిచేస్తున్న మనిషి తడబడి మాట్లాడినా, తూలినా, పొంతన లేకుండా జవాబిచ్చినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది గదా అని ఊరుకోకండి. పనిమీద వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండవచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లని తడిబట్టలు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. ముందు చల్లబరచాలి, తరువాతే ఆసుపత్రి ప్రయాణం. ఈ వరుస తెలిసిన మనిషి ప్రతి పనిచోట ఒక్కరైనా ఉండాలి.

వీటితోపాటు సంఘాలు చేయగల మరో మేలు ఉంది. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో తొంభై రోజులు కట్టుబడి పని చేసినవారు నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. భవనాల ఖర్చు మీద వసూలు చేసే ఒక శాతం సెస్సు వారి కోసమే. కాగితాలు నింపడం రాక, పని మానుకొని ఆఫీసుకు పోలేక ఆగిపోయినవారు మన సంఘాల్లోనే ఉన్నారు. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట, చదువుకున్న ఇద్దరు యువకులు కూర్చొని ఆ దరఖాస్తులు నింపితే చాలు.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని వద్దని ప్రతి వేసవిలో వచ్చే సూచన సూచనగానే ఉండిపోకుండా, కొత్త జిల్లా తన సొంత కార్యాలయాల గుత్త ఒప్పందాల్లో దాన్ని షరతుగా రాయాలి. జిల్లా కట్టుకొనే మొదటి గోడలే ఇందుకు మాదిరి కావచ్చు. గుత్తదారు ఆలస్యం చేశాడని జరిమానా వేసేటప్పుడు ఎండకు ఆపిన గంటలను మినహాయించాలి. లేకపోతే ఆ భారం చివరికి తట్ట మోసే నెత్తిమీదికే దిగుతుంది.

ద్రాక్షతోట పనివారి ఉపమానాన్ని మనం సాధారణంగా సాయంత్రం వచ్చినవారి వైపు నుంచి, కృప గురించి ప్రసంగిస్తాం. పగలంతా ఎండ భరించినవారి ఫిర్యాదును అసూయ అని తోసేస్తాం. వారు ఎండ మాట ఎత్తారన్నది మాత్రం సువార్తికుడు దాచలేదు. ఆ మాట ఆయన చెవిన పడింది, లేఖనంలో నిలిచింది. మన పనిచోట్ల ఆ మాట ఇంకా ఎవరి చెవినా పడడం లేదు.

మా సంఘం ఈ దసరా తరువాత ప్రహరీ గోడ కట్టాలనుకుంటోంది. ఖర్చుల పుస్తకంలో మొదటి పుట ఇప్పుడే రాసిపెట్టుకున్నాం. మొదటి పంక్తి తాగునీరు. రెండోది ఆడవారికి మరుగుదొడ్డి. సిమెంటు మూడో పంక్తిలో మొదలవుతుంది.